మంచు రాని గుల్మార్గ్, వాన వదలని అనంతపురం

2024 జనవరి మూడో వారం దాటినా గుల్మార్గ్ మైదానం ఎండు గడ్డితోనే ఉంది. మంచు మీద జారడానికి ముందే గదులు మాట్లాడుకున్నవాళ్లు రద్దు చేసుకున్నారు. కశ్మీరు లోయ మసీదుల్లో వాన కోసం, మంచు కోసం ఇస్తిస్కా నమాజులు చదివారు. అనంతపురం పాఠకుడికి ఆ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. జులై చివరిదాకా మబ్బు మొహం చాటేసిన ఏడాది మన ఈద్గాల్లో చదివేదీ ఆ నమాజే. ఆ రోజుల్లోనే పక్క ఊరి గుడిలో విరాటపర్వం చదివిస్తారు, కప్పను రోకలికి కట్టి ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ తిరుగుతారు. మొక్కే చేతులు రెండు చోట్లా ఒకటే. అడిగే వస్తువు మాత్రం అక్కడ మంచు, ఇక్కడ వాన.

ఇంతవరకే అయితే ఈ రెండు సీమలనూ పక్కపక్కన పెట్టి చదవడంలో పెద్ద రుచి లేదు. 2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి దగ్గర చిత్రావతి వరదలో చిక్కుకున్న పదిమందిని వైమానిక దళం హెలికాప్టర్ వచ్చి గట్టెక్కించింది. మరుసటి ఏడు అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం నగరంలోని కాలనీలే మునిగాయి. కరువు గురించి సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి కథలు చదువుకుని పెరిగిన తరం మేడ మీద నిలబడి కింద పారే నీళ్లు చూసింది. అక్కడేమో మంచుతోనే బతుకు లెక్క కట్టుకున్నవాళ్లు ఎండు కొండలకేసి చూస్తూ కూర్చున్నారు. ఒకరి భయం ఇంకొకరికి బదిలీ అయినట్టుంది. నాకు పట్టుబడిన సంగతి ఇదే, అయితే దీన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోకుండా కొంచెం గీకి చూడాలి.

ముందుగా ఒక చిన్న పేచీ. అనంతపురం పేరెత్తితే చాలు, జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన కురిసే జిల్లా అనే వాక్యం పుస్తకాల్లో, ఉపన్యాసాల్లో, అసెంబ్లీలో కూడా వచ్చి తీరుతుంది. ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం 552 మిల్లీమీటర్లు. లేహ్‌లో ఏడాది మొత్తం మీద పడేది, మంచును కరిగించి కొలిచినా, వంద మిల్లీమీటర్ల దరిదాపే. కరువు లెక్క తీసేటప్పుడు లదాఖ్ ఎవరికీ గుర్తు రాదు, ఎందుకంటే మంచు కనిపించే చోట కరువు ఉంటుందని మన ఊహకు అందదు. నిజానికి ఈ రెండు చోట్లకూ చుట్టరికం భూగోళమే కలిపింది. పడమటి కనుమలు మేఘాన్ని అడ్డగించి పిండేస్తే మిగిలింది అనంతపురం పీఠభూమికి వస్తుంది. అదే విధంగా జోజిలా కనుమకు ఇవతలి కశ్మీరు లోయ తడిసి ముద్దయ్యాక మిగిలింది లదాఖ్‌కు చేరుతుంది. ఇద్దరూ కొండచాటు బిడ్డలే.

కాలాన్ని లెక్కపెట్టే తీరులో కూడా ఈ పోలిక కొంతదూరం వస్తుంది. మన కార్తెలు సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి. మృగశిర జూన్ ఏడెనిమిది తేదీల్లో మొదలవుతుంది, ఆరుద్ర జూన్ 22 నాటికి వస్తుంది. చంద్రుడి తిథులు ఎటు జరిగినా ఇవి జరగవు. కశ్మీరీల చలి లెక్కా అంతే: డిసెంబరు 21న చిల్లై కలాన్ మొదలై నలభై రోజులు, ఆ తర్వాత చిల్లై ఖుర్ద్ ఇరవై, చివరగా చిల్లై బచ్చా పది. రెండు చోట్లా రైతు పంచాంగం కంటే ముందు ఆకాశం చూశాడని ఇది చెబుతుంది. తేడా మాత్రం పెద్దదే. అక్కడి మొదటి నలభై రోజుల్లో పడిన మంచే గడ్డకట్టి, వేసవి దాకా నిలిచి, ఏప్రిల్ నుంచి వాగుల్ని పారిస్తుంది. ఫిబ్రవరి తర్వాత పడింది పడ్డంత వేగంగా కరిగి పోతుంది. కాబట్టి అది ఒకే ఒక్క గడువు. మనవాడి లెక్కలో అన్నేసి గడువులు లేకపోతే బతుకు సాగదు. మృగశిర తప్పితే ఆరుద్ర, ఆరుద్ర తప్పితే పునర్వసు, అదీ తప్పితే పుష్యమి. అప్పటికీ పదును దొరక్కపోతే శెనక్కాయ మాట మరచి, గింజలు సంపాదించుకుని ఉలవలు చల్లుతాడు. అనంతపురం కార్తెల వరుస వాన ఎప్పుడొస్తుందో చెప్పే పట్టిక కాదు, రాకపోతే ఏం చేయాలో చెప్పే పట్టిక అని నా అభిప్రాయం. చిల్లై కలాన్‌కు అలాంటి రెండో పేజీ లేదు. 2024లో జనవరి నెలాఖరున మంచు పడి ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు ఫిబ్రవరిలో జరిగి ఎలాగో గట్టెక్కాయి. 2025లో ఫిబ్రవరి పోటీలు మంచు చాలక ఆగిపోయి మార్చిలో జరిగాయి. ఆటలకు తేదీ మార్చుకోవచ్చు, వరినారుకు ఎవరు మారుస్తారు?

అయితే కశ్మీరు పాత భయం మంచు రాకపోవడం కాదు. ఇక్కడే మన పాఠకుడు ఆశ్చర్యపోతాడు. పన్నెండో శతాబ్దంలో కల్హణుడు రాసిన రాజతరంగిణిలో తుంజీనుడనే రాజు కాలంలో వచ్చిన కరువు కథ ఉంది. భాద్రపదంలో, వరి పండుతున్న వేళ, అకాలంగా మంచు కురిసి పంటంతా పోయింది. 1890ల్లో అక్కడ భూమి శిస్తు నిర్ణయించిన వాల్టర్ లారెన్స్ తన పుస్తకంలో కశ్మీరు కరువులకు మూలం అనావృష్టి కాదని, పంట కోతకొచ్చే వేళ పడే మంచూ వానా అని రాశాడు. మనకు కరువంటే చుక్క లేకపోవడం, కాగా వాళ్లకు కరువంటే తడి వేళ తప్పి రావడం.

ఈ రెండు నిర్వచనాలూ ఒకే సమయంలో నిజమైన ఏళ్లున్నాయి. 1876లో నైరుతి, ఈశాన్యం రెండూ ముఖం చాటేసి ధాతు కరువు మొదలైంది. ఈ ప్రాంతం అప్పటికింకా బళ్లారి జిల్లాలో భాగం, అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. 1871కీ 1881కీ మధ్య బళ్లారి జనాభా ఐదో వంతు దాకా తరిగిపోయింది. సరిగ్గా ఆ మధ్యలోనే, 1877 శరదృతువు నుంచి 1878 జనవరి దాకా, కశ్మీరులో వాన వదలకుండా కురిసి వరి, మొక్కజొన్న చేలల్లోనే కుళ్లిపోయాయి. ఒక కొస నీళ్లు లేక చస్తుంటే ఇంకో కొస నీళ్లు ఎక్కువై చచ్చింది. రెండు చోట్లా ఆకాశం ఒక్కటే దోషి కాదు. ఇక్కడ ఇంగ్లీషు అధికారి రిచర్డ్ టెంపుల్ కరువు పని చేసే మనిషికి రోజుకో పౌను ధాన్యం చాలని కూలి కోశాడు. అక్కడ సర్కారు వాటా తేలేదాకా కోత కోయకూడదన్న ఏర్పాటు చేలో ఉన్న గింజను వానకు వదిలేసింది. పాలకుడి పేరు మారినా పద్ధతి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో నీడ 1877 మీద ఉంది, 2023–24 మీదా ఉంది. 2023 ఆగస్టు 1901 తర్వాత దేశం చూసిన అతి పొడి ఆగస్టు. ఆ ఏడు రాష్ట్ర ప్రభుత్వం 103 కరువు మండలాలు ప్రకటించినప్పుడు సీమ మళ్లీ ఆ జాబితాలో నిండుగా కనబడింది. మరి ఆ చలికాలమే గుల్మార్గ్ ఎండింది. సీమ విషయంలో ఎల్ నినో రెండుసార్లూ ఒకే మాట మీద నిలబడితే కశ్మీరు విషయంలో ఒకసారి ముంచి, ఒకసారి ఎండగట్టింది. నమ్మకంగా మోసం చేసేవాడితో బతకడం ఒక రకం, పూటకో రకంగా మోసం చేసేవాడితో బతకడం ఇంకో రకం.

ఇప్పుడు ముందు చెప్పిన బదిలీ మాటను కొంత సరిదిద్దాలి. అనంతపురానికి వరద కొత్త కాదు. కరువు సీమగా పేరుపడ్డ ఈ నేలను తెలుగు ఆధునిక కవిత్వంలోకి తొలిసారి తెచ్చిన కావ్యం చూడండి: కట్టమంచి రామలింగారెడ్డి 1899లో రాసిన ‘ముసలమ్మ మరణం’. బుక్కరాయసముద్రం చెరువు నిండి కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడటానికి బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ ప్రాణమిస్తుంది. వాన రాక కాదు, వాన ఎక్కువై. ఏడాది వాన నాలుగు రోజుల్లో కురిసే చోట చెరువు కట్టుకున్నవాడికి కట్ట తెగుతుందన్న భయం పుట్టుకతోనే వస్తుంది. కశ్మీరులో దీనికి జోడు కథ సుయ్యుడిది. తొమ్మిదో శతాబ్దంలో అవంతివర్మ కాలంలో జీలం నదికి రాళ్లు అడ్డుపడి లోయ మునుగుతుంటే, సుయ్యుడు కుండల కొద్దీ నాణేలు తెచ్చి నదిలో పోశాడట. ఆకలితో ఉన్న జనం నాణేల కోసం దిగి రాళ్లన్నీ తీసి పారేశారు, నది దారి తెరుచుకుంది. కల్హణుడు చెప్పిన కథే ఇది కూడా.

రెండూ వరద కథలే, అయినా స్వభావంలో ఎంత ఎడం! మన కథ నీళ్లకు మనిషిని ఇస్తుంది. వాళ్ల కథ నీళ్లలో డబ్బు వేసి మనిషికి పని ఇస్తుంది. ముసలమ్మ త్యాగానికి మొక్కుతూనే, సుయ్యుడి తెలివి పక్కన అది కొంచెం చిన్నబోతుందని చెప్పక తప్పదు. కానీ చరిత్ర అంతటితో ఆగలేదు. ఆకలిగొన్నవాడికి మట్టిపని ఇచ్చి కూలి ఇచ్చే ఆ ఉపాయం దేశమంతటికీ చట్టమై, ఉపాధి హామీ పథకంగా మొదలైంది 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో. సుయ్యుడి వారసత్వం అచ్చంగా అందింది ముసలమ్మ ఊరి పొరుగువాళ్లకు.

ఇళ్ల దగ్గరికి వస్తే కశ్మీరు కాదు, లదాఖే మనకు దగ్గరి చుట్టం. లోయలో మంచు జారిపోవాలని ఏటవాలు కప్పులు వేస్తారు. లదాఖ్‌లో మట్టి ఇటుకల గోడ, పోప్లర్ దూలాలు, విల్లో కొమ్మలు, పైన మన్ను, సమంగా ఉండే కప్పు. మన పాత పల్లెల్లో రాతి గోడ, దూలాలు, దంతెలు, పైన చౌడు మన్ను. వానాకాలం ముందు మిద్దె మీద కొత్త చౌడు పరిచేవాళ్లు, లదాఖ్‌లో కప్పు మీది మంచును పారతో తోసేస్తారు. రెండు మిద్దెలూ పంట ఎండబెట్టుకోవడానికీ పనికొచ్చాయి. మనం చిక్కుడు, టమాట వరుగులు ఎండేస్తే, జోజిలాకు ఇవతల కశ్మీరీ ఇల్లాలు వంకాయ, సొరకాయ ముక్కలు హోఖ్ స్యున్ పేరుతో ఎండేస్తుంది. మనం ఎండకు దాచుకున్నాం, వాళ్లు మంచుకు దాచుకున్నారు. కానీ మట్టి మిద్దె అనేది వాన తక్కువన్న నమ్మకం మీద కట్టిన ఇల్లు. ఆ నమ్మకం 2010 ఆగస్టు 5 రాత్రి లేహ్‌లో కూలింది. కుండపోత వానా బురదా కలిసి రెండు వందల మందికి పైగా చనిపోయారు. అదే విధంగా 2021 నవంబరు ముసురులో సీమ పల్లెల్లో నానిన గోడలు ఒకదాని వెంట ఒకటి ఒరిగాయి. ఎండకు చల్లగా, చలికి వెచ్చగా ఉండే ఇల్లు తడికి మాత్రం నిలవలేదు. సిమెంటు ఇల్లు ఈ రెండు గుణాల్నీ తీసేసి మూడోది ఇచ్చింది. బేరం బాగుందో లేదో మే నెల మధ్యాహ్నం రేకుల కొట్టంలోనో, స్లాబు కిందో పడుకున్నవాడిని అడగాలి.

అసలు విషయం పంట. ఆకాశం అదుపు తప్పడం ఎంత నిజమో, ఆకాశం మీద ఒకే పందెం కాయడం మన చేతుల్లో జరిగిందన్నదీ అంతే నిజం. అనంతపురం ఎర్రనేలల్లో ఒకప్పుడు కొర్ర, సజ్జ, జొన్న, అరిక, ఆముదం, కంది, ఉలవ ఒకే మడిలో కలిసి పెరిగేవి. ఒకటి బెట్టకు పోతే ఒకటి నిలిచేది. ఆ చోటునంతా శెనక్కాయ ఆక్రమించింది. ఉచ్చదశలో ఏడు లక్షల హెక్టార్లు దాటింది, దేశంలో మరే జిల్లాలోనూ లేనంత. శెనక్కాయకు వాన మొత్తం కంటే వాన వేళ ముఖ్యం. ఊడలు దిగే వేళ మూడు వారాలు బెట్ట పడితే ఆ తర్వాత ఎంత కురిసినా చెట్టు పచ్చగా ఉంటుంది, కింద కాయ ఉండదు. ఆపైన కట్టె పీకి చేలో వరసలు వేశాక ముసురు పట్టుకుంటే కాయ మొలకెత్తి, కట్టె బూజు పట్టి, పశువుకూ పనికిరాదు. నైరుతి కాలం సగటు 338 మిల్లీమీటర్లు కురిసిందని అధికారి చెప్పిన ఏడాదే రైతు ఇల్లు వదిలి బెంగళూరు బస్సెక్కిన సందర్భాలు మనకు తెలుసు. లెక్క అబద్ధం కాదు, అదును ఆ లెక్కలోకి రాదు.

కశ్మీరులో దీనికి సాటి వచ్చే పంట ఆపిల్ అనుకుంటాం. నేనైతే ముందు పాంపోర్ కుంకుమపువ్వును చూస్తాను. అదీ పీఠభూమి పంటే. కరేవా అనే మెరక నేలల మీద, చాలావరకు వాన ఆధారంగా పండుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో రెండు మంచి వానలు పడితే పువ్వు, లేకపోతే లేదు. 1996–97లో 5,700 హెక్టార్లకు పైగా ఉన్న సాగు 3,700 దరిదాపులకు పడిపోయింది. కుంకుమపువ్వు చేను ముందు నిలబడిన పాంపోర్ రైతుకూ, శెనక్కాయ చేను ముందు నిలబడిన కళ్యాణదుర్గం రైతుకూ భాష తెలియకపోయినా బాధ తెలుస్తుంది. 2010లో జాతీయ కుంకుమపువ్వు మిషన్ అక్కడ తుంపర సేద్యం తెస్తానంది. 2016 ఆగస్టులో మన ప్రభుత్వం రెయిన్ గన్లతో శెనక్కాయకు తడి ఇస్తానంది. చేనుకు తుంపర పట్టాలంటే ముందు నీళ్లు ఉండాలన్న సంగతి రెండు చోట్లా రైతుకే ముందు గుర్తొచ్చింది.

ఆపిల్ కథ వేరు. దేశపు ఆపిల్‌లో నాలుగింట మూడు వంతులు కశ్మీరువే. వరిమళ్లు తోటలుగా మారుతూ వచ్చాయి, ఎందుకంటే ఆపిల్‌కు వరి కంటే నీళ్లు తక్కువ, రాబడి ఎక్కువ. ఆపిల్ చెట్టుకు చలికాలంలో వందల గంటల చలి కావాలి, అది దొరికాకే వసంతంలో మొగ్గ సరిగా విచ్చుకుంటుంది. మంచు లేని శీతాకాలం ఆ లెక్క చెడగొడుతుంది. మరోవైపు 2018 నవంబరు 3న, 2019 నవంబరు 7న ఆకులింకా రాలకముందే మంచు పడింది. ఆకుల మీద మంచు నిలిచి, బరువుకు కొమ్మలు ఫెళఫెళ విరిగాయి. కల్హణుడి భాద్రపద మంచు మళ్లీ వచ్చిందన్నమాట, ఈసారి వరి మీద కాకుండా ఆపిల్ మీద. మన నవంబరు ముసురు శెనక్కాయ కట్టె మీద చేసే పనే అది. అయితే శెనక్కాయ పోతే ఒక పైరు పోతుంది, మళ్లీ ఏడు మృగశిర వస్తుంది. చెట్టు విరిగితే పదిహేనేళ్లు పోతాయి.

ఆకాశం మాట వినకపోతే మనిషి ఏం చేశాడన్నదీ చూడదగ్గదే, కాకపోతే ఇక్కడ నా మొగ్గు దాచుకోలేను. మన ప్రభుత్వాలు విమానాలు పంపి మేఘమథనం చేయించాయి. లదాఖ్‌లో చెవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజనీరు 1987 నుంచి కొండ నీడలో వాగు నీటిని పల్చగా మళ్లించి గడ్డకట్టించాడు. సోనమ్ వాంగ్‌చుక్ 2013లో ఆ మంచును స్తూపంలా నిలువుగా పేర్చే మార్గం కనిపెట్టాడు. అసలు హిమానీనదాలు కరిగేది జూన్‌లో, విత్తనాలకు నీళ్లు కావలసింది ఏప్రిల్‌లో. వీళ్లు పూడ్చింది ఆ రెండు నెలల ఎడాన్ని, అంటే అదునును. పడని వానను పడేట్టు చేస్తామన్న దానికంటే పారే నీటిని ఆపి వేళకు ఇస్తామన్నది ఎక్కువ నమ్మదగ్గ మాట. న్యాయంగా చెప్పాలంటే మన దగ్గరా ఆ తోవ పట్టినవాళ్లు ఉన్నారు. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ సంస్థ చెక్‌డ్యాములు, కుంటలు కట్టించింది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ కొర్ర, అరికలను మళ్లీ మడిలోకి తెచ్చింది. అంతకుముందే చెరువు తూము దగ్గర నీరుగంటి ఉన్నాడు, లదాఖ్ కాలువ దగ్గర చుర్‌పోన్ ఉన్నాడు. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో ఇద్దరూ వంతు వేసి తేల్చేవాళ్లు. ఇప్పుడు బోరు ఎవరిది వాళ్లది, కాబట్టి మన నీరుగంటికి పని లేదు. చుర్‌పోన్ ఇంకా ఉన్నాడంటే కారణం లదాఖ్ వాగు ఏ ఒక్కడి పొలంలోనూ పుట్టకపోవడమే.

ఈమధ్య రెండు సీమలూ ఇంకొంచెం దగ్గరవుతున్నాయి. అనంతపురం శెనక్కాయ తగ్గించి చీనీ, దానిమ్మ, అరటి, మామిడి తోటల వైపు నడుస్తోంది. తాడిపత్రి నుంచి అరటిగెలలు రైలెక్కి విదేశాలకు పోతున్నాయి. కశ్మీరు పాత ఆపిల్ చెట్లు తీసి ఒత్తుగా పెరిగే పొట్టి రకాలు, డ్రిప్పు గొట్టాలు వేస్తోంది. ఒక్క పైరు పందెం మానుకుని ఇరవై ఏళ్ల చెట్టు పందెం కాయడం మంచిదేనా అన్నది నాకు తెగని సందేహం. చీనీ తోటను బతికించుకోవడానికి ట్యాంకర్లతో నీళ్లు తోలిన రైతులను 2000 తర్వాతి కరువుల్లో చూశాం. 2025 ఫిబ్రవరిలో, అనంతపురానికి పేరులో తోబుట్టువులా వినిపించే అనంత్‌నాగ్ జిల్లాలో, నూర్జహాన్ కాలపు అచబల్ ఉద్యానానికి నీళ్లిచ్చే ఊట ఎండిపోయింది. దాని కింద తాగునీటి పథకాలూ తోటలూ ఉన్నాయి. బోరు ఎండిన చీనీ రైతుకు ఆ వార్త కొత్తగా అనిపించదు.

ఇంకో సామ్యం కూడా వచ్చి చేరింది. కశ్మీరు మంచు కశ్మీరులో పుట్టదు. మధ్యధరా సముద్రం మీద లేచి ఇరాన్, అఫ్ఘానిస్తాన్ దాటి వచ్చే గాలుల వ్యవస్థ మీద ఆధారపడుతుంది. అక్కడి రైతుకు ఆ దూరదేశపు గాలి కబురు ఎప్పుడూ అవసరమే. అనంతపురం రైతు మాత్రం నిన్నమొన్నటిదాకా తన నెత్తిమీది మబ్బునే చూసేవాడు. 2012లో హంద్రీ–నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు జీడిపల్లి జలాశయానికి చేరాక ఆ చూపు మారింది. ఇప్పుడు జులైలో జీడిపల్లి చుట్టుపక్కల మనుషులు ముందు ఆరా తీసేది ఆరుద్రలో ఏమాత్రం పడిందని కాదు, మహాబలేశ్వరంలో వానెంత, శ్రీశైలం నీటిమట్టం ఎంత, మల్యాల దగ్గర కాలువకు నీళ్లెత్తే మోటర్లు ఎప్పుడు వేస్తారు అని.